ఎవరి పేరు నమోదు కావాలి? – నేటి విజ్ఞాన సర్వస్వం, మన రిజాల్ శాస్త్రం

తిరుపతి, చిత్తూరు, మదనపల్లె ప్రాంతాలలో చదువుకున్న ముస్లిములు నలుగురు కలిసిన చోట ఈ మధ్య ఒక ఫిర్యాదు తరచుగా వినబడుతున్నది. ఫలానా ఉస్తాద్ గారిని గురించి వికీపీడియాలో వ్యాసం ఎక్కిస్తే, ఆయనకు తగినంత ప్రాముఖ్యత లేదని చెప్పి దానిని తొలగించారట. రెండు సినిమాలలో కనబడిన కుర్రవానికి అందులో చోటు ఉన్నదట. నలభై సంవత్సరాలు పిల్లలకు ఖుర్ఆన్ నేర్పిన పెద్దమనిషికి లేదట. ఇది మన సముదాయం పట్ల చిన్నచూపు కాక మరేమిటి అని అడుగుతారు.

ఈ ప్రశ్నలో బాధ ఉన్నది. ఆ బాధ నిజమైనదే. కాని బాధ నుండి పుట్టిన ప్రతి తీర్పూ నిజం కానక్కర లేదు. ఒక వ్యక్తి పేరు గ్రంథంలోకి ఎక్కడానికి అర్హత ఏమిటి, దానిని ఏ ఆధారంతో నిర్ణయించాలి అన్న ప్రశ్న ఇతరులకు క్రొత్త కావచ్చును గాని ముస్లిములకు క్రొత్త కాదు. పన్నెండు వందల సంవత్సరాలుగా మన పండితులు ఈ ప్రశ్నకు సమాధానాలు వెదుకుతూ వచ్చారు. వారు ఏర్పరచిన కొలతలను జ్ఞాపకం చేసుకుంటే నేటి నియమం సులభంగా బోధపడుతుంది. ఫిర్యాదు చేయవలసింది ఎక్కడ, పని చేయవలసింది ఎక్కడ అన్నది కూడ తేలుతుంది.

కాగితం కొరత లేని గ్రంథానికి హద్దు ఎందుకు?

తెలుగులో విజ్ఞాన సర్వస్వ నిర్మాణానికి పూనుకున్నవారిలో అగ్రగణ్యులు కొమర్రాజు లక్ష్మణరావు గారు. ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ పేరిట అకారంతో మొదలయ్యే మాటలకే మూడు సంపుటాలు వెలువరించి ఆయన 1923లో కన్నుమూశారు. అచ్చు పుస్తకానికి కాగితం కావాలి, కూలి కావాలి, కొనేవారు కావాలి. కావున ఎవరిని చేర్చాలో, ఎవరిని విడిచిపెట్టాలో సంపాదకుడే తన వివేకంతో నిర్ణయించేవాడు.

2001 జనవరి 15న ఇంగ్లీషులో మొదలైన వికీపీడియాకు ఈ ఇబ్బంది లేదు. అది కంప్యూటరులోను, చేతి ఫోనులోను చదువుకునే విజ్ఞాన సర్వస్వం. అందులో ఎవరైనా వ్రాయవచ్చును, ఎవరు వ్రాసినదానినైనా మరొకరు దిద్దవచ్చును. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారి చొరవతో ప్రారంభమైనది. దాని పదకొండవ వార్షికోత్సవం 2015 ఫిబ్రవరిలో మన తిరుపతిలోనే జరిగింది. నేడు అందులో లక్షకు పైగా వ్యాసాలున్నవి. దానిని నడిపేవారు జీతం పుచ్చుకునే సంపాదకులు కారు. తీరిక వేళలలో వ్రాసే ఉపాధ్యాయులు, ఉద్యోగులు, విద్యార్థులు.

మరి కాగితానికి కొరత లేనప్పుడు అందరినీ ఎందుకు చేర్చుకోరు? ఎందుచేతనంటే, కొరత కాగితానికి కాదు, సరిచూచేవారికి. ఎవరైనా వ్రాయగల గ్రంథంలో ఎవరో తెలియని వ్యక్తి వ్రాసిన మాటను పాఠకుడు నమ్మవలెనంటే, ఆ మాట ఎక్కడి నుండి వచ్చిందో చూపించక తప్పదు. వార్త తెచ్చినవాడు నమ్మదగినవాడు కానప్పుడు విచారించి నిజం తేల్చుకోవలసిందని అల్-హుజురాత్ సూరాలోని ఆరవ ఆయతు మనకు ఆజ్ఞాపిస్తున్నది. వికీపీడియా నియమం కూడ, తనకు తెలియకుండానే, ఆ దారినే నడుస్తున్నది.

తెలుగు వికీపీడియన్లు ఈ నియమాన్ని ‘విషయ ప్రాముఖ్యత’ అంటారు. దానిలోని ముఖ్యాంశాలు మూడు. మొదటిది, ఆ వ్యక్తిని గురించి ఎక్కడో ఒక వరుసలో పేరు వచ్చిపోవడం కాక, కొంత విస్తారంగా ఎవరైనా వ్రాసి ఉండాలి. రెండవది, అలా వ్రాసిన పుస్తకం గాని, పత్రిక గాని నమ్మదగినదై ఉండాలి. అనగా దానిని పరిశీలించి ప్రచురించిన బాధ్యులు ఉండాలి. మూడవది, వ్రాసినవారు ఆ వ్యక్తితో సంబంధం లేని స్వతంత్రులై ఉండాలి. తన గురించి తాను వ్రాసుకున్నది, కుమారుడు వ్రాసినది, శిష్యులు పంచిన కరపత్రం వివరాలకు పనికి రావచ్చును గాని ప్రాముఖ్యతకు సాక్ష్యం కావు.

కొన్ని పదవుల విషయంలో మాత్రం ప్రాముఖ్యత ఉన్నట్లుగానే భావిస్తారు. మదనపల్లె శాసనసభ్యులుగా 2009లోను 2024లోను ఎన్నికైన ఎం. షాజహాన్ బాషా గారి గురించి గాని, 2019లో ఎన్నికైన మహమ్మద్ నవాజ్ బాషా గారి గురించి గాని పేజీ ఉండవచ్చునా అన్న చర్చ రాదు. ఎన్నికల ఫలితాలు, సభా నివేదికలు, దినపత్రికలు వారిని గురించిన సాక్ష్యాన్ని ఎటూ పోగుచేస్తాయి. అదే మదనపల్లెలో ఒక జీవితకాలం పాఠం చెప్పిన ఉపాధ్యాయుని విషయంలో ఆ పని ఎవరూ చేయరు. ఇక్కడ తూచబడినది ఇద్దరి ఘనత కాదు. ఇద్దరిని గురించి దొరికే సాక్ష్యం మాత్రమే తూచబడినది. ఈ ఒక్క తేడాను గ్రహిస్తే సగం కోపం చల్లారుతుంది.

మన పూర్వులు పెట్టిన గుమ్మాలు

హదీసును కాపాడవలసిన అవసరం నుండి మనకు రిజాల్ శాస్త్రం పుట్టింది. మాట చెప్పినవాడెవరు, అతడు ఎవరి వద్ద విన్నాడు, ఎప్పుడు పుట్టాడు, ఎప్పుడు మరణించాడు అని అడగడం ధర్మమైనది. ఇబ్నె సఅద్ (మరణం హిజ్రీ 230) ‘తబఖాత్’తో మొదలైన ఈ పరంపరలో వేలాది సామాన్యుల పేర్లు చేరాయి. వారిలో నూనె అమ్మినవారున్నారు, బట్టలు నేసినవారున్నారు. రాజుల చరిత్రలు వ్రాసిన జాతులు అనేకం. ఇంతమంది సామాన్యుల పుట్టుపూర్వోత్తరాలను వ్రాసి పెట్టిన జాతులు అరుదు.

అయితే ఈ గ్రంథాలలో దేనికీ తలుపులు బార్లా తెరిచి లేవు. ఒక్కొక్క గ్రంథకర్త ఒక్కొక్క గుమ్మం పెట్టాడు. ఇబ్నె ఖల్లికాన్ (మరణం హిజ్రీ 681, క్రీ.శ. 1282) తన ‘వఫయాతుల్ ఆయాన్’లో సుమారు 850 మందిని చేర్చాడు. ఆయన గుమ్మం మరణ సంవత్సరం. ఎవరి మరణకాలం తెలుసుకోగలిగాడో వారిని గురించే వ్రాయడం తన పద్ధతిగా పెట్టుకున్నాడు. సహాబాలను, ఖలీఫాలను వదిలివేశాడు. వారు తక్కువవారని కాదు, వారిని గురించి ఇతర గ్రంథాలు సమృద్ధిగా ఉన్నవని.

హాఫిజ్ ఇబ్నె హజర్ అస్ఖలానీ (మరణం హిజ్రీ 852, క్రీ.శ. 1449) ‘అల్ ఇసాబా’ మరింత ఆలోచింపదగినది. సహాబీ ఎవరు అన్న దానికి ఆయన నిర్వచనం ఇచ్చాడు: మహాప్రవక్త (స.అ.సం.)ను విశ్వాసంతో కలుసుకొని, ఇస్లాం మీదనే మరణించినవారు. ‘చూచినవారు’ అనలేదు, ‘కలుసుకున్నవారు’ అన్నాడు. అలా అనడం వలన అంధులైన ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) వంటివారు నిర్వచనం లోపలే ఉన్నారు. నియమంలోని ఒక్క మాట ఎంతమందిని లోపల ఉంచగలదో, ఎంతమందిని వెలుపల ఉంచగలదో దీనివలన తెలుస్తుంది.

ఆ తరువాత ఆయన 12,000కు పైగా పేర్లను పరిశీలించి, ప్రతి అక్షరం క్రిందా నాలుగు విభాగాలు చేశాడు. మొదటి విభాగం, సహాబీ అని రివాయతు ద్వారా గాని మరొక ఆధారం ద్వారా గాని తెలిసినవారు. రెండవది, మహాప్రవక్త (స.అ.సం.) కాలానికి పసిపిల్లలుగా ఉన్నవారు. మూడవది, ఆ కాలంలో జీవించి కూడ ఆయనను కలిసినట్లు ఆధారం లేనివారు. నాలుగవది, పూర్వ గ్రంథాలలో పొరపాటున సహాబీలుగా చేరిపోయినవారు. ఎవరి పేరు ఎందుకు తీసివేయవలసి వచ్చిందో కూడ ఆయన నమోదు చేశాడు. నేడు వికీపీడియాలో ఒక వ్యాసాన్ని తొలగించే ముందు జరిగే బహిరంగ చర్చ, ఆ చర్చను భద్రపరచడం ఈ నాలుగవ విభాగాన్నే గుర్తుకు తెస్తాయి.

భారతదేశంలోనూ ఈ పరంపర సాగింది. లక్నో నద్వతుల్ ఉలమాకు నాజిమ్‌గా పనిచేసిన మౌలానా సయ్యద్ అబ్దుల్ హై హసనీ ‘నుజ్హతుల్ ఖవాతిర్’ అను అరబీ గ్రంథంలో 4,500 మందికి పైగా భారతీయ ముస్లిం ప్రముఖుల పరిచయాలు వ్రాశారు. ఆయన కూడ కొమర్రాజు వారి వలెనే 1923లోనే మరణించారు. ఆ ఎనిమిది సంపుటాలను తరువాత ప్రచురించినది 1888లో ఏర్పడిన హైదరాబాదు దాయిరతుల్ మఆరిఫ్. రిజాల్ శాస్త్రంలో ఇబ్నె హజర్ వ్రాసిన ‘తహ్‌జీబుత్ తహ్‌జీబ్’ పన్నెండు సంపుటాలను అచ్చువేసినది కూడ ఆ సంస్థయే. కావున వ్యక్తుల వివరాలను ఆధారాలతో నమోదు చేయడం అన్నది తెలుగుగడ్డకు దిగుమతి సరుకు కాదు.

ఇద్దరు సాక్షుల సూత్రం

వికీపీడియా నియమానికి మిక్కిలి సమీపంగా వచ్చే మన సూత్రం ‘మజ్హూల్’కు, అనగా అపరిచిత రావీకి, సంబంధించినది. ఖతీబ్ బగ్దాదీ (మరణం హిజ్రీ 463, క్రీ.శ. 1071) బగ్దాదు నగర చరిత్రలో 7,800కు పైగా వ్యక్తులను పరిచయం చేసిన మహాపండితుడు. ఆయన ‘అల్ కిఫాయా’లో ఇలా వివరించాడు: విద్యావంతులుగా పేరుపొందిన వారిలో కనీసం ఇద్దరు ఒక వ్యక్తి నుండి రివాయతు చేస్తే అతని అపరిచితత్వం తొలగిపోతుంది. ఒక్కరే చేస్తే తొలగదు.

ఆ వెంటనే ఆయన ఒక హెచ్చరిక చేశాడు. ఇద్దరు రివాయతు చేసినంత మాత్రాన ఆ వ్యక్తి న్యాయవర్తనుడని ఋజువు కాదు. అతడు ఉన్నాడని, ఫలానావాడని మాత్రమే ఋజువవుతుంది. తరువాతి పండితులు దీనిని రెండు మెట్లుగా విడదీశారు. మనిషే ఎవరో తెలియకపోవడం ‘మజ్హూలుల్ ఐన్’. మనిషి తెలిసి, అతని గుణం తెలియకపోవడం ‘మజ్హూలుల్ హాల్’.

నేటి విషయ ప్రాముఖ్యత నియమం మొదటి మెట్టును మాత్రమే విచారిస్తుంది. ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు మూడు నమ్మదగిన రచనలు ఒక వ్యక్తిని పరిచయం చేశాయా లేదా అన్నదే దాని ప్రశ్న. ఆయన మంచివాడా, విద్వాంసుడా, అల్లాహ్ వద్ద ఏ స్థానం గలవాడు అన్నది దాని పరిధిలో లేదు. అందుకే దొంగలకు, మోసగాళ్ళకు కూడ అందులో వ్యాసాలు ఉంటాయి. పేజీ ఉండడం సన్మానం కాదు. లేకపోవడం అవమానం కాదు. వ్యాసం తొలగించినప్పుడు ఆ ఉస్తాద్ గారిని గురించి చెప్పబడినది ఒక్కటే, ఆయన విషయంలో సాక్షులు ఇంకా నోరు విప్పలేదని.

333 పేర్లు, ఒక పుస్తకం

ఈ సూత్రం మన మధ్య ఎలా పనిచేస్తున్నదో చూడడానికి మంచి ఉదాహరణ సయ్యద్ నశీర్ అహమ్మద్ గారి ‘అక్షరశిల్పులు’. 2010లో వినుకొండ నుండి వెలువడిన ఈ గ్రంథం తెలుగులో రచనలు చేసిన 333 మంది ముస్లిం కవులను, రచయితలను పరిచయం చేస్తుంది. అంతకు ముందు చాలామంది పేర్లు వారి ఊరు దాటి ఎవరికీ తెలియవు. ఈ పుస్తకం తెలుగు వికీసోర్సులో కూడ చేరింది. తెలుగు వికీపీడియాలో ముస్లిం రచయితల గురించి ఉన్న అనేక వ్యాసాల అడుగున ఆధారంగా కనబడేది ఈ గ్రంథమే.

ఒక్క మనిషి శ్రమ ఎంత పని చేయగలదో ఇక్కడ గమనించాలి. బయటి రచయిత ఒకరు పూనుకొని అచ్చులో నమోదు చేసినందువలన 333 మందికి ఒక సాక్షి దొరికాడు. కాని చాలామంది విషయంలో వ్యాసం అక్కడే ఆగిపోయింది. ఆధారంగా ఒకే పుస్తకం, రెండు మూడు వాక్యాలు. తెలుగు వికీపీడియాలో ఇటువంటి చిన్న వ్యాసాన్ని ‘మొలక’ అంటారు. ఖతీబ్ బగ్దాదీ సూత్రం ప్రకారం చూచినా వీరికి రెండవ సాక్షి కావాలి. ఆ రెండవ సాక్ష్యం పత్రికలో వచ్చిన పుస్తక సమీక్ష కావచ్చును, విశ్వవిద్యాలయ పరిశోధనా వ్యాసంలో ఒక అధ్యాయం కావచ్చును, సంతాప వ్యాసం కావచ్చును. మొలకను పెరికివేయడం సులభం, నీరు పోయడమే కష్టం. నీరు పోయవలసినవారు రాజధానిలో లేరు. ఆ రచయిత పుట్టిన ఊరిలోనే ఉన్నారు.

నియమం తప్పే చోటు

ఇంతవరకు నియమాన్ని సమర్థించాము. దాని లోపాన్ని కూడ చెప్పుకోకపోతే న్యాయం కాదు. లోకం ఎవరిని గురించి వ్రాస్తుందో వారికే సాక్ష్యం ఉంటుంది; లోకం వ్రాసేది తరచుగా అధికారాన్ని గురించి, వినోదాన్ని గురించి. 1782 డిసెంబరు 7న చిత్తూరు సమీపాన నరసింగరాయనిపేట వద్ద హైదర్ అలీ మరణించిన సంగతి చరిత్ర పుస్తకాలలో ఉన్నది. ఆనాడు ఆ దండులో నమాజు చేయించినదెవరు అని అడిగేవారు లేరు.

కెనడాకు చెందిన భౌతిక శాస్త్రజ్ఞురాలు డోనా స్ట్రిక్‌లాండ్ గురించిన వ్యాసం ప్రతిని, స్వతంత్ర ఆధారాలు చాలవని 2018 మే నెలలో ఇంగ్లీషు వికీపీడియాలో త్రోసిపుచ్చారు. అదే సంవత్సరం అక్టోబరు 2న ఆమెకు నోబెల్ బహుమతి ప్రకటించారు. ఆమె చేసిన పరిశోధన మే నెలలోనూ ఉన్నది, అక్టోబరులోనూ ఉన్నది. ఆమెను గురించి ఇతరులు వ్రాసినది మాత్రమే మారింది. ఇంగ్లీషు వికీపీడియాలోని జీవిత చరిత్రలలో స్త్రీలవి నేటికీ సుమారు ఐదవ వంతు మాత్రమే. ఈ విషయంలో మన పూర్వులు చూపిన శ్రద్ధను తలచుకోవాలి. ఇమామ్ సఖావీ (మరణం హిజ్రీ 902, క్రీ.శ. 1497) తన శతాబ్దపు వ్యక్తుల గురించి వ్రాసిన ‘అద్ దౌవుల్ లామీ’లో చివరి సంపుటం మొత్తాన్ని స్త్రీలకే కేటాయించి 1,075 మందిని నమోదు చేశాడు.

మస్జిదును ఊడ్చే ఒక స్త్రీని గురించిన హదీసును బుఖారీ, ముస్లిం ఇరువురూ ఉల్లేఖించారు. ఆమె మరణిస్తే, పెద్ద విషయం కాదనుకొని సహచరులు మహాప్రవక్త (స.అ.సం.)కు తెలియజేయలేదు. ఆయన ఆమె కనబడలేదేమని అడిగి, సంగతి తెలిసిన పిమ్మట, తనకు ఎందుకు చెప్పలేదని ప్రశ్నించి, సమాధి వద్దకు వెళ్ళి నమాజు చేశారు. బుఖారీ రివాయతులో ఆమె పేరు లేదు. ఊడ్చినది పురుషుడో స్త్రీయో అన్న సందేహం కూడ ఒక రావీకి ఉన్నది. కాని పండితులు అక్కడ ఆగలేదు. ఇతర రివాయతులు వెదకి ఆమె పేరు ఉమ్మె మిహ్‌జన్ అని వెలికి తీశారు. ఎవరి విషయం చిన్నదని మనం భావిస్తామో వారిని గురించి కూడ అడగడం సున్నత్ అని ఈ సంఘటన మనకు నేర్పుతున్నది.

మన భాషలో ఇలా మరుగున పడుతున్నవారిలో అనువాదకులు ముఖ్యులు. దివ్య ఖుర్ఆన్‌ను మొట్టమొదట తెలుగు చేసిన చిలుకూరి నారాయణరావు గారు అనంతపురంలో అధ్యాపకులుగా ఉండిన ముస్లిమేతర పండితులు. ‘ఆంధ్ర భాషా చరిత్రము’ వంటి గొప్ప గ్రంథం 1937లో వెలువరించినందువలన ఆయనను గురించి ఎందరో వ్రాశారు, పేరు నిలిచింది. కాని ఆ తరువాత ఉర్దూ నుండి, అరబీ నుండి చిన్న చిన్న ధార్మిక పుస్తకాలను తెలుగులోకి తెచ్చినవారి సంగతి ఏమిటి? అట్టి పుస్తకాలు చేతికి తీసుకుంటే వెల ఉంటుంది, దొరకు చోటు ఉంటుంది. అనువాదకుని పేరు గాని, ముద్రణ సంవత్సరం గాని అనేకసార్లు ఉండదు. వినయం వలన పేరు వేసుకోకపోవడం ఒక ఎత్తు. సంవత్సరం వేయకపోవడం వినయం కాదు, అజాగ్రత్త.

తండ్రిని గురించి అడిగినప్పుడు

స్వతంత్ర సాక్ష్యం కావాలన్న నియమం మన వారిని ఎక్కువగా నొప్పిస్తుంది. ఆయనను గురించి కుమారునికంటె ఎక్కువ ఎవరికి తెలుసునని అంటారు. తెలియడం వేరు, సాక్ష్యం చెల్లడం వేరు. ఇమామ్ బుఖారీ గురువైన అలీ ఇబ్నుల్ మదీనీ (మరణం హిజ్రీ 234)ని ఆయన తండ్రి విశ్వసనీయతను గురించి ప్రశ్నించారు. వేరొకరిని అడగండని ఆయన తప్పుకోజూచారు. మళ్ళీ అడుగగా, ఇది ధర్మానికి సంబంధించిన విషయమని చెప్పి, హదీసు విషయంలో తన తండ్రి బలహీనుడని తేల్చి చెప్పారు. బంధుత్వం సాక్ష్యానికి అడ్డు రాగలదని ఆ ఇమాముకు తెలుసు. అందుకే ముందు తప్పుకోజూచారు, తప్పనప్పుడు నిజం చెప్పారు.

నేడు డబ్బు పుచ్చుకొని వికీపీడియాలో పేజీలు ఎక్కించేవారు కూడ బయలుదేరారు. డబ్బు తీసుకొని వ్రాసేవారు ఆ సంగతిని బహిరంగంగా ప్రకటించాలని 2014 నుండి వికీపీడియా ఉపయోగ నిబంధనలలోనే ఉన్నది. అయినా దాచిపెట్టి వ్రాసేవారున్నారు. అట్టి పేజీలలో ‘మహాకవి’, ‘అల్లామా’, ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’ వంటి బిరుదులు దట్టంగా ఉంటాయి గాని తేదీలు, ప్రచురణలు ఉండవు. ఉన్నవాని ముందు లేనిదానిని పొగడడం సాక్ష్యం కాదు, ముఖస్తుతి. ఇంకొక సంగతి మరవరాదు. వికీపీడియా పేజీ ఆ వ్యక్తి సొత్తు కాదు. మెప్పుతోపాటు, ఆధారం ఉన్న విమర్శ కూడ అందులో చేరుతుంది; చేరినదానిని తీసివేయమనే హక్కు కీర్తి కోరినవారికి ఉండదు.

ఒకే పేరు గలవారు, పేరు మార్చుకున్నవారు

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉన్నది. షేక్ మహబూబ్ బాషా అన్న పేరుతో ఒక్క పట్టణంలోనే ఎంతమంది ఉండరు! ఒకే పేరును షేక్ అని ఒకచోట, షేఖ్ అని మరొకచోట, పొడి అక్షరాలతో ఇంకొకచోట వ్రాస్తారు. కలం పేర్లు మరొక చిక్కు. కడప రచయిత శశిశ్రీ అసలు పేరు రహంతుల్లా అని తెలియనివాడు రెండు పేర్లను చూచి ఇద్దరనుకొనగలడు. ఒకే పేరు గల వేర్వేరు రావీలను గుర్తించడానికి ఖతీబ్ బగ్దాదీ ప్రత్యేకంగా ‘అల్ ముత్తఫిఖ్ వల్ ముఫ్తరిఖ్’ అనే గ్రంథమే వ్రాయవలసి వచ్చింది.

జిల్లా పేర్లు కూడ ఇట్లే మోసం చేస్తాయి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకు ముందు చిత్తూరు ఉత్తర ఆర్కాటులోను, మదనపల్లె కడప జిల్లాలోను ఉండేవి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరు జిల్లా అయినది, మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరింది. 1905లో మదనపల్లెలో పుట్టినవారిని గురించి వెదికేవారు కడప జిల్లా కాగితాలను కూడ చూడవలసి ఉంటుంది. కావున పేరుతోపాటు తండ్రి పేరు, ఊరు, తాలూకా, పుట్టిన సంవత్సరం వ్రాసిపెట్టడం ముఖ్యం.

మనం చేయగల పని

ఇప్పుడు మొదటి ఫిర్యాదుకు తిరిగి వద్దాము. ఉస్తాద్ గారికి పేజీ లేదన్నది నిజమే అయితే, దానికి మందు తొలగించినవారితో తగాదా కాదు. సాక్ష్యాన్ని సమకూర్చడం. దీనికి పెద్ద ధనం అవసరం లేదు.

మొదట, ఇబ్నె ఖల్లికాన్ గుమ్మం దాటిద్దాము. ప్రతి మస్జిదు కమిటీ, ప్రతి మదర్సా తమ వద్ద పనిచేసి గతించిన ఇమాములు, ఉపాధ్యాయుల పేర్లు, పనిచేసిన కాలం, మరణ తేదీ ఒక పుస్తకంలో వ్రాసి ఉంచాలి. సమాధి రాళ్ళ మీద ఉన్నవి చెరిగిపోక మునుపే ఎత్తి వ్రాయాలి.

రెండవది, గతించినవారు వ్రాసిన లేక అనువదించిన పుస్తకాల మొదటి పుటలను భద్రపరచి, ఒక ప్రతిని గ్రంథాలయానికి ఇవ్వాలి. నేటి ప్రచురణకర్తలు ప్రతి చిన్న పుస్తకం మీద అనువాదకుని పేరు, సంవత్సరం విధిగా ముద్రించాలి.

మూడవది, ఆ వ్యక్తితో సంబంధం లేనివారి చేత వ్రాయించాలి. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుండి ఉన్నది. మన పిల్లలు అక్కడ పరిశోధనలు చేస్తున్నారు. స్థానిక ముస్లిం రచయితల మీద ఒక్క పరిశోధన జరిగినా అది ఎందరికో రెండవ సాక్షి అవుతుంది. ఈ త్రైమాసిక వంటి పత్రికలు కూడ పొగడ్తలు తగ్గించి, తేదీలు పెంచి, పరిచయ వ్యాసాలు వేయాలి.

నాల్గవది, ఉర్దూ ఆధారాలను మరవరాదు. వికీపీడియాకు ఆధారం ఇంటర్నెట్‌లోనే ఉండాలన్న నిర్బంధం లేదు, తెలుగులోనే ఉండాలన్న నిర్బంధమూ లేదు. పాత ఉర్దూ పత్రికలో వచ్చిన వ్యాసం కూడ, పత్రిక పేరు, తేదీ, పుట సంఖ్య ఇస్తే, చెల్లుతుంది. మన ప్రాంతపు ఉర్దూ కవులను గురించిన సాక్ష్యం చాలావరకు ఆ పాత కాగితాలలో ఉన్నది. దానిని చదవగలవారు ఏటేటా తగ్గిపోతున్నారు. రెండు భాషలు తెలిసినవారి బాధ్యత ఇది.

చివరిది, సాక్ష్యం చాలనప్పుడు తొందరపడరాదు. వేరే పేజీకి తగినంత ఆధారం లేనివారి పేరును ఆ ఊరి వ్యాసంలోనో, ఆ విద్యాసంస్థ వ్యాసంలోనో ఆధారంతో ఒక వాక్యంగా చేర్చవచ్చును. తొలగించిన వ్యాసం శాశ్వతంగా పోయినట్లు కాదు. క్రొత్త ఆధారాలు దొరికినప్పుడు చర్చ పేజీలోనో, రచ్చబండలోనో వాటిని చూపి మళ్ళీ వ్రాయవచ్చును.

రెండు గ్రంథాలు

నహావంద్ యుద్ధం (హిజ్రీ 21) తరువాత మదీనాకు వచ్చిన దూత అమరులైనవారి పేర్లు కొన్ని చెప్పి, తక్కినవారు ఖలీఫా గారు ఎరుగని సామాన్యులని అన్నాడు. హజ్రత్ ఉమర్ (రజి) కన్నీరు పెట్టుకొని, ఉమర్ ఎరుగకపోతే వారికి నష్టమేమిటి, అల్లాహ్ వారిని ఎరుగును గదా అన్న భావం వెలిబుచ్చారు. దివ్య ఖుర్ఆన్ కూడ, కొందరు ప్రవక్తల వృత్తాంతాలు తెలుపబడినవని, కొందరివి తెలుపబడలేదని అల్-మూమిన్ సూరా 78వ ఆయతులో చెబుతున్నది. ఖుర్ఆన్‌లో పేరు వచ్చిన ప్రవక్తలు 25 మంది. పేరు రాని ప్రవక్తల స్థానానికి దానివలన ఏ లోటూ లేదు.

కావున అల్లాహ్ వద్ద ఉన్న గ్రంథం వేరు, మనుషులు వ్రాసుకునే గ్రంథం వేరు. మొదటిదానిలో చోటుకు మన సిఫారసు అక్కర లేదు. అందులో ఎవరి పేరూ తప్పిపోదు. రెండవది గతించినవారి కోసం కాదు, రాబోయేవారి కోసం. ఈ ఊరిలో తమ భాషలో తమకంటె ముందు ఎవరు చదివారు, ఎవరు బోధించారు, ఎవరు వ్రాశారు అన్నది రేపటి పిల్లలకు తెలియాలంటే, చూచినవారు జీవించి ఉండగానే ఇద్దరి నోట విని, తేదీ వేసి, వ్రాసి ఉంచాలి. రిజాల్ శాస్త్రాన్ని లోకానికి ఇచ్చిన సముదాయానికి ఇది తెలియని విద్య కాదు.

ఉన్నదానిని ఉన్నట్లుగా వ్రాసే నిజాయితీని, మరుగున పడినవారిని గురించి అడిగే మనస్సును అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.